నవంబరు సంచికలో మూడో పేజీ

మా నాన్నని నందిగామలో అందరూ నిజాల జగన్నాథరావు అనేవాళ్ళు. ఆయన 'సరిహద్దు వాణి' అనే మాసపత్రికకి విలేకరి. ఆ పత్రిక బెజవాడ నుంచి ఆరేళ్ళు వచ్చి ఆగిపోయింది. ఆఫీసు ఎత్తేసిన రోజున పాత సంచికలన్నీ పొట్లాల కొట్టుకి పోయాయట. మిగిలింది మా బీరువాలో ఉన్న కట్ట ఒక్కటే. నాన్న ఏ యేడు సంచికలు ఆ యేడు దారంతో కుట్టి, అట్టలు వేసి దాచాడు. పాలేటి ఒడ్డున నలభై ఎనిమిదిలో ఏం జరిగిందో తెలియాలంటే ఎంతటివాడైనా మా గడప తొక్కాల్సిందే. దానివల్ల నాకు కాస్త పొగరు ఉండేది. తెలుగు మాస్టారుగా రిటైరైనవాడికి ఇంకేం మిగుల్తుంది?

మొన్న ఫిబ్రవరిలో జగ్గయ్యపేట నుంచి రమీజా అనే అమ్మాయి వచ్చింది. పేట బస్టాండు దగ్గర జిరాక్స్ సెంటర్ నడుపుకుంటుంది. కుర్చీలో కూర్చోమన్నా కూర్చోకుండా మొదలుపెట్టింది.

"మాది అసలు వేమవరపుపాడు సార్. మా ముత్తాత పేరు మీరా సాహెబు. ఎడ్లబండి తోలేవాడు. రజాకార్లు వాగు దగ్గర ఆరుగుర్ని కాల్చి చంపారు కదా, అందులో ఆయన కూడా ఉన్నాడు. ఊళ్ళో రాయి మీద మాత్రం ఐదు పేర్లే ఉన్నాయి."

ఆ రాయి సంగతి నాకు తెలుసు. పాలేటికి ఇవతల వేమవరపుపాడు, అవతల అప్పట్లో నైజాం. చచ్చిపోయినవాళ్ళ పేర్లు చెక్కి ఊరి మొదట్లో నిలబెట్టారు. పోయినేడు సున్నపురాయి లారీ రివర్సు చేస్తూ దాన్ని రెండు ముక్కలు చేసింది. ఇప్పుడు కొత్తది చెక్కిస్తున్నారు. చెక్కించేది నవీన్‌బాబు. సర్పంచి ఆయన భార్య రాజ్యశ్రీ. సంతకాలు ఆవిడవి, మాటలు ఈయనవి.

"ఊళ్ళో అడిగితే ఏమన్నారు?" అన్నాను.

"మా ముత్తాత రజాకార్ల మనిషన్నారు. మేము అటునుంచి వచ్చినవాళ్ళమంట. మా నాయనమ్మ షాజాది పుట్టిందే ఆ ఊళ్ళో సార్! ఆయన కూతురే ఆమె. పాత పేపర్లో ఆధారం ఉంటే చెక్కిస్తామని నవీన్‌బాబు గారు అన్నారు. ఆదివారం మీటింగు. నాయనమ్మకి ఎనభై నాలుగు, ఊపిరి సరిగా ఆడట్లేదు. నాయన పేరు ఆ రాయి మీద చూసే పోతానంటంది."

ఆ మధ్యాహ్నమే దొరికింది. జూలై సంచిక, రెండో పేజీ. ఆరుగురి పేర్లూ ఉన్నాయి. కింద ఇలా ఉంది: 'బండివాడు మీరా సాహెబు అవతలి ఒడ్డు నుండి పారిపోయి వచ్చు కుటుంబములను మూడు తడవలు వాగు దాటించి, నాలుగవ తడవ తుపాకి గుండ్లకు బలి అయ్యెను.'

రమీజా ఆ నాలుగు లైన్లూ వేలు పెట్టుకుని చదివింది. చదువుతూనే ఏడ్చేసింది. ఫోన్‌లో ఫోటో తీసుకుంది.

"రాసింది మా నాన్నేనమ్మా," అన్నాను, ఆమె అడక్కపోయినా.

ఆమె వెళ్ళాక కట్ట మూసేసి ఊరుకుంటే సరిపోయేది. నాన్న రాసినవి ఇంకేమున్నాయో చూద్దామని తిరగేస్తూ కూర్చున్నాను. నవంబరు సంచిక మూడో పేజీలో, కింద మూలన, 'సవరణ' అని చిన్న అక్షరాల్లో కనబడింది.

'వేమవరపుపాడు మృతులలో ఆరవవానిగా ప్రకటించిన మీరా సాహెబు మనవాడు కాడనియు, రజాకార్లకు దారి చూపినవాడనియు, వారి గుండే పొరపాటున తగిలి మరణించెననియు విశ్వసనీయముగా తెలియవచ్చినది. మా నందిగామ విలేకరి.'

నందిగామ విలేకరి అంటే నాన్నే. ఆయన తప్ప ఇంకొకడు లేడు.

నాన్నకి ఒక పద్ధతి ఉండేది. ఏ వార్త రాసినా కింద కార్బన్ పెట్టి రాసేవాడు, నీలం నకలు తన దగ్గర ఉంచుకునేవాడు. అవి అట్టపెట్టెలో వేరే ఉన్నాయి. నవంబరువి వెతికాను. సవరణ నకలు దొరికింది. దాని కింద పెన్సిల్‌తో నాన్న దస్తూరీలోనే ఇంకో లైను ఉంది.

'ఇది అబద్ధం. మీరా సాహెబు మనవాడే. రాయక తప్పలేదు.'

ఎందుకు తప్పలేదో ఊహించడానికి పెద్ద తెలివి అక్కర్లేదు. సెప్టెంబరులో నైజాం పడిపోయింది. అవతల జరిగినవాటికి ఇవతల సాయిబు కనబడితే మండిపడే రోజులు. ఊరి పెద్దలు రాయి వేయించబోతున్నారు, ఆ పేరు దాని మీద ఉండటం వాళ్ళకి ఇష్టం లేదు. విలేకరి ఇంటికి వచ్చి కూర్చుని ఉంటారు. ఆయన రాసిచ్చాడు. మీరా సాహెబు పెళ్ళాన్నీ, ఎనిమిదేళ్ళ షాజాదినీ ఊళ్ళోంచి పొమ్మన్నారు. నాన్న ఆ తర్వాత నలభై ఏళ్ళు బతికాడు. రోజూ మాకు నిజం చెప్పమని పాఠం చెప్పాడు. నాకు ఆయన మీద వచ్చిన కోపం ఇంతా అంతా కాదు. కానీ ఆ కోపం నా ఇంట్లోనే ఉండాలి, బయటివాళ్ళకి అక్కర్లేదు అనిపించింది.

తెల్లారి వేణ్ణీళ్ళ పొయ్యి ముందు కూర్చుని ఆ పేజీ చించాను. షాజాది కోసమే చేస్తున్నానని నాకు నేను నచ్చజెప్పుకున్నాను. ఈ సవరణ బయటపడితే ఆమె ఆశ గంగలో కలిసినట్టే కదా అనుకున్నాను. అంతే అయితే పెన్సిల్ మాటలున్న నకలు దాచాలి. అది నేను దాచలేదు. రెండూ కలిపి పొయ్యిలో పెట్టాను. ఆ నీళ్ళతోనే స్నానం చేశాను.

ఆదివారం పొద్దున వేమవరపుపాడు పంచాయతీ ఆఫీసు వరండాలో పాతికమంది దాకా కూర్చున్నారు. కొత్త రాయి గోడకి ఆనించి ఉంది. ఐదు పేర్లు చెక్కి, కింద ఒక పేరు పట్టేంత చోటు ఖాళీగా వదిలారు. అది చూసి నాకు ధైర్యం వచ్చింది. రమీజా ఆటోలో నాయనమ్మని తీసుకొచ్చింది. షాజాది మనిషి పిడికెడు. రెండు చేతులూ మోకాళ్ళ మీద పెట్టుకుని, నోరు తెరిచి గాలి పీల్చుకుంటోంది. నన్ను చూసి దణ్ణం పెట్టింది.

నేను కట్ట విప్పి జూలై వార్త చదివాను. క్లాసులో పద్యం చదివిన గొంతుతోనే చదివాను. నాలుగవ తడవ అన్న చోట ఎవరో ముక్కు చీదారు.

నవీన్‌బాబు చెడ్డవాడని చెప్పలేను. అతనూ కళ్ళు తుడుచుకున్నాడు. "ఇంకేముందండీ, ఇంత స్పష్టంగా ఉంటే! చెక్కే మనిషికి ఫోన్ చేస్తా," అన్నాడు.

అప్పుడు షాజాది చెయ్యెత్తింది.

"రెండోది కూడా చదవండయ్యా."

"రెండోదేంటమ్మా?" అన్నాడు నవీన్‌బాబు.

"తర్వాత ఇంకోటి వచ్చింది. చలి మొదలైన రోజుల్లో. మాకు చదువు రాదని ఈ మాస్టారు వాళ్ళ నాయనే మా గడపలో నిలబడి చదివి వినిపించాడు. నేను మా అమ్మ పక్కనే ఉన్నా. అది చదవండి మాస్టారూ. ఊరంతా వినాలి. విన్నాక నేను చెప్పాల్సింది చెప్తా."

"అలాంటిదేం లేదమ్మా," అన్నాను.

"ఉంది," అందామె, నెమ్మదిగానే.

నవీన్‌బాబు లేచి వచ్చి కట్ట తనవైపు తిప్పుకున్నాడు. అక్టోబరు, నవంబరు. పేజీ నంబర్లు చూస్తూ పోయాడు. రెండో పేజీ తర్వాత ఐదో పేజీ వచ్చింది. దారం దగ్గర చినిగిన అంచు నిలబడి ఉంది. కాగితమంతా బెల్లం రంగుకి తిరిగితే ఆ చినుగు మాత్రం తెల్లగా ఉంది. అతను వేలితో తాకితే పొట్టు రాలింది.

"ఇది పాత చినుగు కాదు మాస్టారూ," అన్నాడు. తర్వాత షాజాది వైపు తిరిగాడు. "అందులో ఏముందమ్మా?"

ఆమెకి ఇంకా అర్థం కాలేదు. పేజీ లేకపోతే తను నోటితో అప్పజెప్తే సరిపోతుందనుకున్నట్టుంది. ఊపిరి కూడదీసుకుని, చదువురాని మనిషి, డెబ్బై అయిదేళ్ళుగా లోపల మోస్తున్న ఆ గ్రాంథికాన్ని పొల్లు పోకుండా చెప్పింది. "మీరా సాహెబు మనవాడు కాడనియు, రజాకార్లకు దారి చూపినవాడనియు..." చివరిదాకా చెప్పి, "అది అబద్ధం. మా గడపలో నిలబడి చదువుతుంటే ఆయన గొంతు పూడుకుపోయింది. మా అమ్మ చూసింది, నేను చూశా. ఆ కాగితం ఊళ్ళో చదివించి, నలుగురి ముందూ అబద్ధమని అనిపించాలనే ఇన్నాళ్ళూ ఉన్నా," అంది.

ఊరు విన్నది మాత్రం మొదటి సగమే. వెనక నుంచి ఎవడో, "చూశారా, మా తాత చెప్పిందే," అన్నాడు. ఇంకొకడు, "అందుకే చింపారన్నమాట," అన్నాడు.

అప్పుడు లేచాను. అంతా చెప్పాను. సవరణ, నీలం నకలు, పెన్సిల్ లైను, పొయ్యి. నా తండ్రి అబద్ధం రాశాడని పాతికమంది ముందు నోరు తెరిచి అన్నాను. ఏడుపు వచ్చింది, ఆపుకోలేదు.

నవీన్‌బాబు అంతా విని, మర్యాదగానే మాట్లాడాడు. "మీరు పెద్దవారు, మాస్టారూ. ఆమె మీద జాలితో అంటున్నారేమో. కానీ జగన్నాథరావు గారు అబద్ధం రాసే మనిషి కాదని మా చిన్నప్పట్నుంచీ వింటున్నాం. నందిగామలో ఎవర్నడిగినా చెప్తారు. అంతటి ఆయన సవరణ వేశారంటే అదే నిజమండి. మీరు చెప్పే కాగితం ఉంటే వేరే సంగతి. ఉందా?"

లేదు.

మా నాన్న పరువు ఆ వేమవరపుపాడు వరండాలో చెక్కు చెదరకుండా నిలబడింది. నేను కాపాడాలనుకున్నది కాపాడాను.

రాయి మీద ఖాళీ చోట ఏదైనా పువ్వు చెక్కిద్దామని ఎవరో అంటుంటే మేము బయటికి వచ్చాం. రమీజా నన్ను ఆటో ఎక్కమని అనలేదు. షాజాదే పక్కకి జరిగి చోటిచ్చింది. ఆటో హైవే ఎక్కింది. సిమెంటు లారీలు మమ్మల్ని దాటుకుంటూ పోతున్నాయి.

"నన్ను తిట్టండమ్మా," అన్నాను చివరికి.

ఆమె తిట్టలేదు. నా మోకాలి మీద చెయ్యి వేసింది.

"మీ నాయన పెన్సిల్‌తో ఏం రాశాడన్నావు? ఇందాక గోలలో సరిగా వినపళ్ళేదు."

"ఇది అబద్ధం. మీరా సాహెబు మనవాడే. రాయక తప్పలేదు."

"మనవాడే అన్నాడా?"

"అన్నాడు."

"ఆ ముక్క ఇంకోసారి చెప్పు నాయనా."

చెప్పాను. ఆమె కళ్ళు మూసుకుని పెదాలు కదిపింది. మొదటి కాగితం నేర్చుకున్నట్టే దీన్నీ నోటికి నేర్చుకుంటోందని నాకు అప్పుడు తెలిసింది. పేట వచ్చేదాకా నా చేత చెప్పించుకుంటూనే ఉంది. బస్టాండు దగ్గర దిగేసరికి తప్పు లేకుండా అప్పజెప్పింది. పదకొండు రోజులకి చనిపోయింది.