కొండ చెప్పిన కబురు

పాతరేవులో వైర్‌లెస్ సెట్టు ఉన్నది లోవమ్మ ఇంట్లోనే. నరసాపురానికి దిగువన, ఏటిగట్టు పక్కన ఉన్న ఆ చేపలు పట్టేవాళ్ళ ఊరికి బయటి లోకం కబురంటే ఆమె నోటి మాటే.

కరెంటు పోయి అది మూడో వర్షాకాలం. దేశమంతా ఒకేసారి చీకటైందన్నారు. రెండు మూడు రోజుల్లో వచ్చేస్తుందన్నారు. రాలేదు. టవర్ల దగ్గర డీజిల్ అయిపోయి ఫోన్లు మూగబోయాయి. బ్యాంకులు, రేషన్ బండ్లు, రైళ్ళు ఒకదాని వెనక ఒకటి ఆగిపోయాయి. జీతాలు రాని పోలీసులు, ఆఫీసుల వాళ్ళు ఎవరి ఊళ్ళకు వాళ్ళు వెళ్ళిపోయారు. యుద్ధమని కొందరు, కంప్యూటర్లను ఎవరో పాడుచేశారని కొందరు అన్నారు. ఏది నిజమో చెప్పే దిక్కు లేకుండా పోయింది.

మిగిలినవి కాలవలు, గట్లు, పడవలు. ధవళేశ్వరం ఆనకట్ట తలుపులు, కాలవల లాకులు, గట్ల మరమ్మతు పైఊళ్ళ రైతులు సంఘం పెట్టుకుని చూసుకుంటున్నారు. సంఘానికి పెద్ద పల్లంరాజుగారు. కబుర్ల సంగతి సత్యశ్రీ చూసేది. ఒకప్పుడు ఆమె టవర్ల కంపెనీలో ఇంజనీరు. పాడుబడ్డ బోట్ల నుంచి వైర్‌లెస్ సెట్లు, రొయ్యల చెరువుల నుంచి సోలార్ పలకలు తెప్పించి, కోరుకొండ మీద గుడి వెనక మంటపంలో స్టేషను పెట్టింది. అంత ఎత్తు నుంచి ఇటు ఉప్పాడ దాకా, అటు నరసాపురం దాకా మాట అందేది. ఒక ఊరి మాట ఇంకో ఊరికి నేరుగా వినపడదు. కొండ విని, మళ్ళీ చెప్పాలి. తుఫాను ఎటు పోతోంది, ఏ రేవులో ఉప్పుకి బియ్యం ఇస్తున్నారు, ఎవరి పడవ ఎక్కడ తేలింది, అన్నీ అలాగే తెలిసేవి.

"రేవు, రేవు, కొండ పిలుస్తోంది" అని రోజూ పొద్దున్నే సెట్టులోంచి గొంతు వచ్చేది.

"చెప్పండి, రేవు వింటోంది" అనేది లోవమ్మ.

మొదట్లో వాళ్ళిద్దరూ 'గారూ' అంటే 'గారూ' అనుకునేవాళ్ళు. లోవమ్మ కూతురు హారతి పురుడప్పుడు రక్తం ఆగలేదు. ఊళ్ళో మంత్రసాని చేతులెత్తేసింది. లోవమ్మ సెట్టు పట్టుకుని ఏడ్చింది. కొండ కింద ఊళ్ళో ఉన్న నర్సు మాణిక్యాంబగారిని సత్యశ్రీ మెట్లెక్కించి తీసుకొచ్చి మైకు ముందు కూర్చోబెట్టింది. ఆవిడ ఒక్కో మాటా చెబుతుంటే లోవమ్మ ఇక్కడ చేయించింది. హారతి బతికింది, బిడ్డా బతికింది. ఆ రోజు నుంచి 'సత్యశ్రీగారు' కాస్తా 'సత్యమ్మ' అయింది. అటు నుంచి 'అక్కా' అన్న పిలుపు మొదలైంది. ఒకరి మొహం ఒకరు చూసుకోకుండానే ఇంటి సంగతులన్నీ చెప్పుకునేవారు. లోవమ్మ తల్లి పాపాయి మోకాళ్ళు పట్టేసి మంచం దిగలేకపోయేది. "అమ్మ కాళ్ళెలా ఉన్నాయక్కా?" అని అడగనిదే సత్యశ్రీ సెట్టు ఆపేది కాదు.

ఆ ఏడు శ్రావణంలో గోదావరికి పెద్ద వరద వచ్చింది. ఎర్రనీళ్ళు గట్టు మెడ దాకా లేచాయి. పాతరేవు ఆడా మగా వంతులేసుకుని గట్టు కాశారు. ఎక్కడ చెమ్మ కనిపిస్తే అక్కడ ఇసుక బస్తా వేశారు. తమ ఊరిని కాచుకోవడం ఒకటే కాదు, ఇంకో భయం కూడా ఉంది. నీళ్ళు ఎక్కువైనప్పుడు పైవాళ్ళు కిందివాళ్ళ గట్టుకి గండి కొడతారని పాతకాలం నుంచి వింటున్నదే. అందుకే రాముడు అనే ముసలాయన కర్ర పట్టుకుని గట్టు మీదే తిన్నాడు, గట్టు మీదే కూర్చున్నాడు.

ఒక పొద్దున కొండ పిలిచింది.

"అక్కా, మంచి కబురు. పైన నీళ్ళు తగ్గుతున్నాయి. గండం గడిచింది. గట్టు మీద వాళ్ళని ఇళ్ళకి పంపించేయండి. పాపం, ఎన్నాళ్ళని నిద్ర లేకుండా ఉంటారు."

"నిజమేనా సత్యమ్మా? ఇక్కడ చూస్తే బెత్తెడు కూడా దిగలేదు."

"పైన తగ్గింది మీ దాకా రావడానికి టైం పడుతుందక్కా. నేను చెబుతున్నాగా. మీరూ కాసేపు పడుకోండి."

సెట్టు ఆగిపోయింది.

లోవమ్మ వానలో గట్టు మీదకి పరుగెత్తింది. కబురు విని ఆడవాళ్ళు దణ్ణాలు పెట్టుకున్నారు. రాముడు మాత్రం నీళ్ళకేసి చూస్తూ కదల్లేదు.

"తగ్గే నీళ్ళు ఇలా ఉండవే లోవమ్మా. సుడి తిరగతన్నాయి చూడు."

"సత్యమ్మ చెప్పింది మావా. ఆవిడ ఎప్పుడన్నా తప్పు చెప్పిందా? నా మాట మీద ఇంటికెళ్ళు. వెళ్ళి ఇంత అన్నం తిను."

"నీ మాట మీదే వెళ్తన్నాను" అన్నాడు రాముడు.

గట్టు ఖాళీ అయింది. ఊరు వేడన్నం తిని పడుకుంది.

నడిమధ్యాహ్నం లోవమ్మ పొయ్యి దగ్గర ఉండగా, లారీ లోడు కంకర ఒక్కసారి దింపినట్టు చప్పుడైంది. బయటికి వచ్చి చూస్తే నీళ్ళు ఏటివైపు నుంచి కాకుండా పొలాల వైపు నుంచి వస్తున్నాయి. ఊరికి ఎగువన గట్టు తెగింది. ఆమె మొగుడు గంగయ్య హారతినీ పసిబిడ్డనీ తెప్ప మీదకి ఎక్కించాడు. లోవమ్మ తల్లి కోసం ఇంట్లోకి వెళ్ళింది. నీళ్ళలో మంచం అప్పటికే తేలుతోంది. పాపాయి దూలం పట్టుకుని ఉంది.

"నన్నొదిలేసి పిల్లని చూసుకోవే" అంది.

లోవమ్మ ఆమెను వీపున వేసుకోబోయింది. ఇంతలో వెనక మట్టిగోడ కూలింది. చేతిలో ఉన్న చెయ్యి జారిపోయింది. గంగయ్య జుట్టు పట్టి లాగితే లోవమ్మ బయటపడింది. పాపాయి మరునాడు సరుగుడు తోటలో దొరికింది.

ఊరంతా తెగని గట్టు ముక్క మీద తలదాచుకుంది. రాముడు గండి దాకా నడిచి వెళ్ళి తిరిగొచ్చాడు. అతని కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"అది తెగలేదు, తెగ్గొట్టారు. అంచున గునపం పోట్లున్నాయి. మనం వేసిన బస్తాలు తీసి అవతల పేర్చారు. పడవ కట్టిన గుంజ కూడా ఉంది. మనం గట్టు దిగేదాకా కాసుకున్నారన్నమాట."

ఎవరూ లోవమ్మను పల్లెత్తు మాట అనలేదు. అందరూ ఆమెకేసి చూసి చూపు తిప్పుకున్నారు. తిట్టి ఉంటే బాగుండేదని ఆమెకు అనిపించింది. సెట్టు నీళ్ళలో పోయింది. కొండని అడుగుదామంటే గొంతు లేదు.

వరద తీశాక, తల్లి కర్మకాండ అయ్యాక, "నేను కోరుకొండ వెళ్తాను" అంది.

"వెళ్ళి ఏం చేత్తావ్?" అన్నాడు గంగయ్య.

"ఆవిడకి తెలీకుండా జరిగుంటుంది. ఎవరో మోసం చేసుంటారు. తెలుసుకోవాలి."

గంగయ్యే ఆమెను రాజమండ్రి దాకా పడవలో తీసుకెళ్ళాడు. అక్కణ్ణుంచి నడక. పడవ దారి పొడుగునా ఎడమ చేతివైపు పైఊళ్ళ చేలు పచ్చగా, చెక్కుచెదరకుండా ఉన్నాయి. ఒక్క చోట కూడా నీరు నిలబడలేదు. లోవమ్మ పడవలో అటు వీపు పెట్టి కూర్చుంది.

గంగయ్య కొండ కింద ఆగిపోయాడు. ఆమె మెట్లెక్కి మంటపం దగ్గరకు వెళ్ళింది. తీగల మధ్య సన్నగా, కళ్ళజోడు పెట్టుకున్న ఒకామె కూర్చుని ఉంది. ఎవరు కావాలని అడగబోయి, లోవమ్మ నోరు విప్పగానే ఆగిపోయింది.

"సత్యమ్మా, నేను రేవుని."

ఆమె లేచి నిలబడింది. దగ్గరకు రాలేదు. ఆ నిలబడటంలోనే లోవమ్మకు సగం అర్థమైపోయింది.

"నీకు తెలుసా?" అని అడిగింది.

"తెలుసక్కా" అంది సత్యశ్రీ.

లోవమ్మ స్తంభానికి ఆనుకుని కూర్చుండిపోయింది.

"ఆ ముందురోజు పల్లంరాజుగారు వచ్చారు" అంది సత్యశ్రీ. "పైగట్టు జారిపోతోంది, తెల్లారితే నిలవదు అన్నారు. అది తెగితే ఎన్నో ఊళ్ళు పోతాయి. ఆ గట్టు మీద బస్తాలేసేవాళ్ళలో మా ఆయన ఉదయ్‌కుమార్ ఉన్నాడు. ఆ గట్టు పక్క ఊళ్ళోనే మా పిల్లలున్నారు. కింద ఒక్కచోట గండి పెడితే ఒత్తిడి తగ్గుతుందన్నారు. వాళ్ళకి పడవలున్నాయి, ఈత వచ్చు, ప్రాణాలకేం కాదన్నారు. నేనూ అలాగే అనుకున్నాను."

"మా అమ్మకి ఈత వచ్చా?"

లోవమ్మ జవాబు కోసం ఆగలేదు.

"మంచం దిగలేని మనిషని నీకు తెలుసు. రోజూ అడిగేదానివి కాళ్ళెలా ఉన్నాయని. ఆ రోజు అడగలేదు. నాకప్పుడే తట్టాల్సింది. హడావుడిలో ఉందిలే పాపం అనుకున్నాను."

"పాపాయమ్మగారు..." అని సత్యశ్రీ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. ఆ సంగతి ఆమెకు అప్పుడే తెలిసింది.

"పోయింది. నా చేతిలోంచే పోయింది. ఎందుకు నిజం చెప్పలేదు? గండి కొడతన్నారక్కా, లేచి పొండి అంటే, ముసలాళ్ళని, పిల్లల్ని తీసుకుని పోయేవాళ్ళం కదా."

"చెబితే మీరు గట్టు వదిలేవాళ్ళు కాదు. కర్రలు తీసుకుని కూర్చునేవాళ్ళు. అటువాళ్ళు కత్తులతో వచ్చేవాళ్ళు."

వదిలేవాళ్ళమని లోవమ్మ గట్టిగా అనలేకపోయింది. రాముడు వదిలేవాడు కాదు. తనూ వదిలేది కాదేమో.

"అయుండొచ్చు. కానీ నువ్వు మమ్మల్ని అడగలేదు. మా తరఫున నువ్వే తేల్చేశావు. గునపం పట్టుకున్నోడి మొహం నాకు తెలీదు, వాణ్ణి తిట్టుకుని ఊరుకుంటాను. నిన్ను నమ్మి నా నోటితో నేనే మా వాళ్ళని గట్టు దింపాను సత్యశ్రీగారూ. ఇంక ఆ ఊళ్ళో నేనెలా తలెత్తుకోవాలి?"

మళ్ళీ 'గారూ' అని వినగానే సత్యశ్రీకి ఏడుపు ఆగలేదు. లోవమ్మకు మాత్రం కన్నీళ్ళు రాలేదు.

అన్ని ఊళ్ళూ సెట్లు పెట్టుకుని వినే వేళ అయింది. సత్యశ్రీ కళ్ళు తుడుచుకుని, మైకు తీసి లోవమ్మ ముందు పెట్టింది.

"అందరూ వింటుంటారు. ఏం చెప్పాలనుంటే అది చెప్పండి. నేను ఆపను."

లోవమ్మ మైకు అందుకుంది.

"అన్ని ఊళ్ళకీ చెప్తన్నాను. నేను పాతరేవు లోవమ్మని. కొండ మీద నుంచే మాట్లాడతన్నాను. వరద తగ్గిందని కొండ మాకు చెప్పింది అబద్ధం. మమ్మల్ని గట్టు దింపి పైవాళ్ళు గండి కొట్టారు. మా అమ్మ పోయింది. ఇళ్ళన్నీ పోయాయి. కొండకి తెలిసే చెప్పింది."

సెట్టు గరగరమంది. ఉప్పాడ నుంచి సురేంద్ర అనే అతని గొంతు వచ్చింది.

"ఉప్పాడండి. విన్నామండి. మరి, మా పడవలు సముద్రం మీదున్నాయి. గాలి రాదని కొండ పొద్దున్నే చెప్పింది. నమ్మమంటారా, వద్దంటారా?"

లోవమ్మ సత్యశ్రీకేసి చూసింది. "అది నిజమేనక్కా, ఒట్టు" అంది సత్యశ్రీ మెల్లగా. ఆ ఒట్టు నమ్మాలో లేదో లోవమ్మకు తెలియలేదు. నమ్మొద్దంటే రేపు నిజంగా తుఫాను వచ్చినప్పుడు ఎవరూ వినరు. నమ్మమంటే, ఆ మాట తన నోటి నుంచి రెండోసారి వెళ్తుంది.

"నేను చెప్పలేను నాయనా" అంది చివరికి. "మీ సముద్రాన్ని మీరు చూసుకోండి."

మైకు కింద పెట్టి మెట్లు దిగిపోయింది. వెనక నుంచి సత్యశ్రీ రెండుసార్లు పిలిచింది. ఆమె ఆగలేదు.

ఆ మాటలు అన్ని రేవుల్లోనూ పాకాయి. ఉప్పాడ, నరసాపురం, మధ్య ఊళ్ళ వాళ్ళు కూడబలుక్కుని, సముద్రం ఒడ్డు మనిషి ఒకరు కొండ మీద కూర్చుంటే గాని సెట్లు పెట్టబోమని తేల్చి చెప్పేశారు. పల్లంరాజుగారు వద్దనలేకపోయారు. సురేంద్ర వెళ్ళి మంటపంలో కూర్చున్నాడు. తీగలు, బ్యాటరీల పని తెలిసింది సత్యశ్రీకే కాబట్టి ఆమె కూడా అక్కడే ఉండిపోయింది. కబురు ఇద్దరూ చూసిన తర్వాతే బయటికి వెళ్ళేది. మునుపటిలా క్షణాల్లో అందేది కాదు. అందినా, ఊళ్ళు పక్క ఊరి వాళ్ళని అడిగి చూసుకున్నాకే కదిలేవి.

సంఘం వాళ్ళు పాతరేవుకి బియ్యం, గండి పూడ్చుకోవడానికి పడవల్లో మట్టి పంపారు. రాముడు బియ్యం తిప్పి పంపించి మట్టి దింపించుకున్నాడు. ఊరంతా కలిసి గండి పూడ్చారు. లోవమ్మ కూడా అందరితో పాటు తట్ట మోసింది. మూడో రోజున రాముడు ఆమె పక్కన కూర్చుని తన మూటలో అన్నం ముందుకు జరిపాడు. ఆమె తింది.

ఇళ్ళు మళ్ళీ లేచాక కొత్త సెట్టు వచ్చింది. లోవమ్మ దాన్ని తన ఇంట్లో పెట్టనివ్వలేదు. పక్కింటి రమ్యశ్రీకి అప్పగించారు. పొద్దున్నే కొండ పిలుస్తుంది. కబుర్లన్నీ అయ్యాక సత్యశ్రీ గొంతు తగ్గించి, "లోవమ్మక్క ఉందా?" అని అడుగుతుంది.

రమ్యశ్రీ గుమ్మంలోంచి తొంగిచూస్తుంది. లోవమ్మ పెరట్లో ఎండుచేపలు తిరగేస్తూ, "లేనని చెప్పు" అంటుంది, అటు వినపడేంత గట్టిగా.