తల్లిగొర్రె తిరిగొచ్చే దూరం

ఏజెంటు ఇచ్చిన తాళంచెవి నా చేతిలోనే ఉంది, కాని ఏ తలుపుకు పెట్టినా తిరగడం లేదు. పొడవాటి వరండా, రెండువైపులా ఒకే రంగు తలుపులు, కాళ్లకింద మాత్రం బండలు కాదు, వేరుశనగ పీకేసిన చేను, అడుగు వేసినప్పుడల్లా మట్టిపెళ్లలు చితుకుతున్నాయి. ఒక చంకలో ఏడాది నిండిన బాబు, ఇంకో చంకలో సర్టిఫికెట్ల ఫైలు, నా తెల్లకోటు అంచు పట్టుకుని ఆరేళ్ల అక్షర. సాయంత్రం ఐదులోపల ఏ ఇల్లో చెప్పాలి, చెప్పకపోతే రెండూ వేరేవాళ్లకు పోతాయి అని వెనకనుంచి ఎవరో, డ్యూటీ మారేటప్పుడు రోగి సంగతులు అప్పగించినట్టు, ఒకటే గొంతుతో చదువుతున్నారు. నేను నడక వేగం పెంచుతాను, వరండా కూడా నాతోపాటు పొడవు పెరుగుతుంది.

చివరికి ఒక తలుపు తాళంతో పనిలేకుండా తెరుచుకుంటుంది. లోపల గోడకు ఆనుకుని, కట్టె అడ్డంగా ఒళ్లో పెట్టుకుని, మా నాయిన కూర్చుని ఉన్నాడు.

మా నాయిన మైలారప్ప పోయి మూడేళ్లయింది. ఆ సంగతి నాకు ఇక్కడ కూడా తెలుసు. నర్సును కాబట్టి మొదట నాడి చూద్దామని చేయి చాపుతాను, కన్నతండ్రికి అట్లా చూడడం మర్యాద కాదనిపించి వెనక్కి తీసుకుంటాను. అతను నా చేతిని, నా ఫైలును, తర్వాత నేలను చూస్తాడు.

"వచ్చినవా బిడ్డా. చెప్పులు ఇడిసి రా. ఈ ఇంట్ల నేలకు గూడ గొంగడి కప్పిన్రు," అంటాడు.

అది తివాచీ అని, నేను పోబోయే దేశంలో చలికి ప్రతి ఇంట్లో వేస్తారని చెబుతాను. అతను అరచేత్తో దాన్ని నిమిరి, ఉన్ని కాదు ఇది, వట్టి దారం అని తేల్చేస్తాడు. బతికినన్నాళ్లూ గొర్రెల వెంట తిరిగినవాడు, ఉన్ని గురించి అతనితో నేను వాదించలేను.

ఐర్లండ్‌లో ఉద్యోగం వచ్చిందని, నెలలో పోవాలని, మా ఆయన, పిల్లలు అందరం కలిసే పోతున్నామని చెబుతాను. అతనికి అన్నీ తెలుసు, అయినా తెలియనట్టు వింటాడు, బతికున్నప్పుడు నా మార్కులు విన్నట్టే. నేను చదివిన ప్రతి క్లాసు ముందుగా అతనికి వివరించేదాన్ని. మా ఇంట్లో, మా వాడలో కాలేజీ మెట్లు ఎక్కింది నేనే మొదలు, అందుకని ఏ కాగితం వచ్చినా అదేమిటో చెప్పే బాధ్యత నాదే. ఇప్పుడు కూడా ఫైలు తెరిచి నోట్‌బుక్కు తీస్తాను. పేజీ మధ్యలో గీత గీసి, ఒకవైపు ఒక ఇల్లు, ఇంకోవైపు ఇంకో ఇల్లు రాసి పెట్టాను.

ఒకటి ఆసుపత్రి పక్క సందులో. మందుల దుకాణం పైన రెండు గదులు, కిటికీ తీస్తే ఎదుటి గోడ, ఆడుకోవడానికి జాగా లేదు, కాని డ్యూటీకి ఏడు నిమిషాల నడక. రెండోది ఊరికి దూరం. మూడు పడకగదులు, వెనక పచ్చిక, వీధి చివరే బడి, అద్దె దాదాపు అంతే, కాని ఒక బస్సు, ఒక రైలు, మళ్లీ నడక, మొత్తం గంటన్నర. నర్సుల వాట్సాప్ గ్రూపులో ముందు వెళ్లిన సీనియర్లు అందరూ పిల్లలుంటే రెండోదే తీసుకోమంటున్నారు. ఈయనను అడిగితే డ్యూటీ చేసేది నువ్వు, నువ్వే చెప్పు అంటారు. నేను చదువుతుంటే పేజీలో గీత అటూ ఇటూ జరుగుతోంది, ఒక ఇంటి పచ్చిక ఇంకో ఇంటి గోడకిందికి పోతోంది, నేను బొటనవేలితో గీతను నొక్కి పట్టుకుంటాను.

"నీకేది నచ్చింది?"

"దూరందే, నాయినా."

"ఎందుకు?"

గాలి, బడి, పచ్చిక అని వరసగా చెబుతాను. అతను తల ఊపడు. మా నాయిన దగ్గర అబద్ధం చెల్లదు, గొర్రెకు ముల్లు దిగితే ఏ కాలికో అది నడవకముందే చెప్పే మనిషి. చివరికి ఫోను తీసి ఏజెంటు పంపిన ఫోటో చూపిస్తాను. ఆ ఇంటి వంటగది కిటికీలోంచి, కంచెకు అవతల, దిబ్బమీద గొర్రెలు. ఏభై దాకా ఉంటాయి.

"గొర్లున్నయి నాయినా ఆడ," అంటాను. నా గొంతు నాకే చిన్నపిల్ల గొంతులా వినిపిస్తుంది.

అతను ఫోను దగ్గరికి పెట్టుకుని చూస్తాడు, చూస్తుండగానే గొర్రెలు ఒక్కొక్కటే ఆ అద్దంలోంచి హాల్లోకి దిగుతాయి, తడిసిన ఉన్ని వాసన, తివాచీ నిండా గిట్టలు, ఇంత లావు గొర్రెలను మా మందలో నేనెప్పుడూ చూడలేదు. నాయిన ఒకదాని చెవి పట్టుకుని గుర్తు కోసం వెతుకుతాడు. మా గొర్రెలకైతే చెవి అంచున చిన్న కోత ఉంటుంది. వీటికి వీపుమీద నీలం రంగు పూశారు.

"ఇవేంది, హోలి ఆడినయా?" అని నవ్వుతాడు. నవ్వు ఆగాక నావైపు తిరుగుతాడు. "గొర్లను చూసి ఇల్లు తీసుకుంటున్నవా, బాలకిష్టీ? మందిల అనకు. కురుమోళ్ల పిల్ల ఎంత సదివినా గంతే అంటరు."

నాకు సిగ్గువేస్తుంది. పిల్లల కోసమే అని, బాబు తాతను చూడనే లేదు, అక్షరకు గుర్తులేడు, కనీసం గొర్రెలనైనా చూస్తారని అనబోతాను. అప్పుడే చంక తేలిగ్గా ఉందని తెలుస్తుంది. బాబు లేడు. కోటు అంచున అక్షర లేదు. ఎప్పుడు జారిపోయారో తెలియదు, నేను ఇంతసేపూ ఫైలు మాత్రమే గట్టిగా పట్టుకున్నాను. గొర్రెల మధ్య వంగి వెతుకుతాను, ఉన్ని తొలగిస్తే ఇంకా ఉన్ని. ఎక్కడో టప్, టప్ అని మెత్తటి చప్పుడు, ఆగి మళ్లీ టప్, టప్.

"అదేం చప్పుడు నాయినా?"

"పిల్లలు తడికెను కొడుతున్నయి. పొద్దుగూకింది గద."

కిటికీ బయట చూస్తే నిజంగానే పొద్దు వాలుతోంది, గది గది కాదు, కృష్ణ ఒడ్డు పొలాలు, వేసవికి నాయిన మందను తోలుకుపోయే చోటు. దూరంగా ముళ్లకంప చుట్టిన పిల్లల దొడ్డి, దానికి తడిక తలుపు. నాకు ఆ పద్ధతి తెలుసు. కొత్తగా పుట్టిన పిల్లలు నడవలేవు కాబట్టి పొద్దున వాటిని దొడ్డిలో పెట్టి తల్లులను మేతకు తోలుతారు. సాయంత్రానికి తల్లులు పొదుగులు బిగిసి, అరుచుకుంటూ పరుగెత్తుకొస్తాయి. అప్పుడు తడిక ఎత్తాలి. అంత దుమ్ములో ఏ తల్లి పిల్ల ఆ తల్లికే దొరుకుతుంది.

నా పిల్లలు అక్కడున్నారని ఎవరూ చెప్పకుండానే తెలుస్తుంది. బయలుదేరతాను. నాయిన నా పక్కన నడుస్తాడు, తొందర లేని నడక, అయినా నాకంటే ఒక అడుగు ముందే ఉంటాడు. నడుస్తూ, మంద దిగే చోటు ఎట్లా చూసుకునేవాడో చెబుతాడు. కొత్త కాపరులు మేత చూసి దిగుతారట. పచ్చగా కనబడితే చాలు, అక్కడికి తోలుతారు, దొడ్డి మాత్రం నీళ్లున్నచోట వేస్తారు, రెండింటి మధ్య కోసుల దూరం. కడుపునిండా మేసిన గొర్రె దొడ్డి చేరేసరికి సగం పాలు ఆవిరయిపోతాయి. పిల్ల అరిచి అరిచి అలిసి నిద్రపోతుంది. నాలుగు రోజులకు లేపినా లేవదు.

"మేత ముందుగాల చూడొద్దు బిడ్డా. దొడ్డికాడ నిలబడి, తల్లి మళ్లొచ్చే దూరం చూడాలె. మేత తక్కువైనా తల్లి ఎట్లనో బతుకుతది."

ఈ మాట నాకు కొత్త కాదు, చిన్నప్పుడు మంద దగ్గర అతను వేరే కాపరికి చెబుతుంటే విన్నాను. అప్పుడు నాకు ఏడేళ్లు. ఆ ఏడే నన్ను హాస్టల్లో వేశాడు. మా ఊరికి డెబ్బై కిలోమీటర్లు. ఆలోచన అక్కడికి పోగానే కాళ్లకింద పొలం పోయి హాస్టల్ వంటశాల బండలు వస్తాయి, స్టీలు పళ్లెం పట్టుకుని వరసలో నిలబడ్డాను, వెనక్కి తిరిగితే గుమ్మంలో నాయిన లేడు. అన్నం పెట్టించుకుని బయటికి వచ్చేసరికి రోడ్డు ఖాళీ. ఇరవై ఏడేళ్లుగా అడగాలనుకుని అడగనిది ఇప్పుడు నోట్లోకి వస్తుంది.

"నాకు చెప్పకుండ ఎందుకు పోయినవు?"

"చెప్పి పోతే పోనిస్తుంటివా?"

టప్, టప్. దొడ్డి ఎంత నడిచినా అంతే దూరంలో ఉంది.

"రెండుపార్లు చెప్పకుండనే పోయిన," అంటాడు.

రెండోసారి నేను డ్యూటీలో ఉన్నాను. ఎవరి నాయినకో ఆక్సిజన్ పెడుతున్నాను. ఫోను లాకర్లో ఉంది. నేను ఊరు చేరేసరికి అతని ముఖం కడిగి పసుపు రాశారు. ఆ సంగతి చెప్పబోతే చేయి అడ్డం పెడతాడు, అది నీ తప్పు కాదన్నట్టు, లేక పక్కనుంచి వస్తున్న గొర్రెను మళ్లించడానికో, తేడా తెలియదు.

"గొర్లకు దూరం చూసిన. నీకు మాత్రం మేత చూసిన, బిడ్డా. బడి సారు మూడుపూటల తిండన్నడు, సదువన్నడు. ఇంక ఏది చూడలే."

"సదివిన గద నాయినా. ఆ సదువుతోనే గద ఇప్పుడు పోతున్న."

"సదివినవు. కాదంటనా?" అని కట్టె నేలకు ఆనిస్తాడు. "దసరకు ఇంటికొచ్చినవు. మీ అమ్మ నీళ్లియ్యబోతే 'మీరు కూర్చోండి' అన్నవు."

నాకు గుర్తులేదు. లేదా ఉంది. హాస్టల్లో పెద్దవాళ్లను అట్లానే పిలవాలని నేర్పారు, నేను శ్రద్ధగా నేర్చుకున్నాను. అమ్మ మొదట పకపకా నవ్విందని, వాడంతా తిరిగి నా బిడ్డ నన్ను మీరు అన్నదని చెప్పుకున్నదని, తర్వాత దొడ్డి వెనకకు పోయి చాలాసేపు రాలేదని నాయిన చెబుతాడు. నేను తల వంచుకుని వింటాను. మేత లేకపోతే నేను ఈ రోజు ఈ ఫైలు పట్టుకుని ఉండేదాన్ని కాదు. అది నిజం. అమ్మను నేను మీరు అన్నదీ నిజం. నోట్‌బుక్కులో ఈ రెండింటినీ గీతకు ఏవైపు రాయాలో తెలియక బొటనవేలితో గీతనే రుద్దుతాను, అది చెరిగిపోతుంది.

"దూరపు ఇంట్ల బాబుకు పాలెప్పుడిస్తవు?" అని అడుగుతాడు.

లెక్క వేస్తాను. పన్నెండు గంటల డ్యూటీ, పోను గంటన్నర, రాను గంటన్నర. పొద్దున వాడు లేవకముందు. మళ్లీ వాడు పడుకున్నాక. అతను మళ్లీ అడగడు. ఇది తీసుకో, అది వదిలెయ్ అని నాకెప్పుడూ చెప్పలేదు, ఇప్పుడూ చెప్పడు.

వెనకనుంచి నీలం వీపుల గొర్రెలు ఒక్కసారిగా అరుస్తూ పరుగు అందుకుంటాయి. వాటితోపాటు నేనూ పరుగెత్తుతున్నాను, కాని నేను రైల్లో కూర్చుని ఉన్నాను, కిటికీ అవతల గొర్రెలు నన్ను దాటిపోతున్నాయి, రైలు ఊరూరా ఆగుతోంది, రొమ్ములు బరువెక్కి నొప్పి పెడుతున్నాయి. దిగాలని లేస్తే ఒళ్లో ఫైలు, ఫైలు వదిలితే కాగితాలు ఎగిరిపోతాయి. దొడ్డి దగ్గర నాయిన రెండు చేతులతో తడిక పట్టుకుని నిలబడ్డాడు, ఎత్తడం లేదు, నేను రావాలని ఆగాడు. తడికకు అవతల టప్, టప్. "రా బిడ్డా," అంటున్నాడు, "చెప్పే పోత ఈపారి," అంటున్నాడు. నేను ఫైలు వదిలేసి—

గది నిండా మధ్యాహ్నపు వెలుగు. నైట్ డ్యూటీ చేసి వచ్చి, కాసేపు నిద్ర దక్కుతుందని గడియ పెట్టుకుని చాపమీద పడుకున్నాను. చుట్టూ సగం సర్దిన సూట్‌కేసులు. జాకెట్టు ఎడమవైపు తడిసి ఉంది. గోడమీద మూడుంబావు.

టప్, టప్.

తలుపుకు అవతల, కింది చెక్కమీద. అమ్మ పడుకుంది, రా నాన్నా అని ఈయన గుసగుసగా వాణ్ని పిలుస్తున్నారు, అక్షర నవ్వు ఆపుకుంటోంది. లేచాను. చాప దగ్గరనుంచి తలుపు దాకా నాలుగు అడుగులు. గడియ తీయగానే బాబు నా పాదాలమీద పడ్డాడు.

వాణ్ని ఒళ్లో వేసుకుని, మిగిలిన చేత్తో ఏజెంటుకు రాశాను: మందుల దుకాణం పైన ఇల్లే ఖాయం చేయండి. గొర్రెల ఫోటో మాత్రం తీసేయలేదు. పాలు తాగుతూనే వాడు అరచేత్తో నా గుండెమీద కొడుతున్నాడు, టప్, టప్, ఇంకా ఎవరో తలుపు తీయాలన్నట్టు.