రంజన్ ఇసుకలో రెండు సీసాలు

ఆ పొద్దున ఆకాశం మూసుకుని, వాన కురవకుండా వేలాడుతోంది. తూర్పున ఫ్యాక్టరీ పొగగొట్టానికి ఒక మబ్బు ఆనుకుని ఉంది. దూరం నుంచి అది పొగలాగే కనిపించింది.

మా అన్న లింబయ్య గడపలో కూర్చుని దాన్నే చూస్తున్నాడు. బోధన్ దగ్గర ఆ చక్కెర ఫ్యాక్టరీలో చెరుకు ఆడించే మర మీద పనిచేసినవాడు. అది మూతపడ్డ రోజు రెండు బీరు సీసాలు తెచ్చి, మళ్లీ భోంగా మోగిన పొద్దు తాగుతానన్నాడు. షిఫ్టుకు పిలిచే కూతను మేము భోంగా అంటాం.

వంటింటి మూల నీళ్లు చల్లబరిచే మట్టి రంజన్ చుట్టూ పోసిన తడి ఇసుకలో వాటిని మెడదాకా పూడ్చి నిలబెట్టాడు. పడుకోబెడితే మూత తుప్పు లోపలికి దిగుతుందట. వెలుతురు తగలకుండా గోనెసంచి కప్పాడు. ఏటా ఎండాకాలం ఇసుక ఆరనిచ్చేవాడు కాదు. ఆరు నెలల్లో తాగాలని సీసా మీద రాసి ఉందని నేను ఒకసారి చదివి చెప్పాను.

"పాత బెల్లం మందుకు పనికొస్తది. పాత చింతపండు కడుపుకు మంచిది. గిదొక్కటే ఎందుకు పాడైతది తమ్మీ?" అన్నాడు.

నీ బీర్లకు పెండ్లెప్పుడని వాడకట్టు వాళ్లు అడిగేవాళ్లు. మా వదిన భీమవ్వ బీడీలు చుట్టి ఇల్లు నడుపుతోంది. నన్ను గట్ల చూసుకుంటే ఇంత ముసలిదాన్ని కాకపోదును అనేది. పోయిన చలికాలం ఊరి బయట రైస్ మిల్లు కట్టేవాళ్లు అన్నను కాపలాకు రమ్మన్నారు. ఫ్యాక్టరీ పిలిస్తే ఎట్లా అని పోలేదు. ఆ పని మా వాడకట్టు చిన్నయ్యకు దొరికింది.

మబ్బు చూస్తుండగానే కూత వినిపించింది.

అన్న లేచాడు. దండెం మీది పాత ఖాకీ చొక్కా తొడుక్కున్నాడు. తొందరలో గుండీలు ఒకదానికొకటి తప్పించి పెట్టుకున్నాడు. వదినను రొట్టెలు చెయ్యమన్నాడు. ఆమె పిండి కలిపిన చేతులతోనే వాకిట్లోకి పోయింది, ఆ కూత ఎక్కడిదో ఎవరినైనా అడుగుదామని.

అన్న ఒక సీసా పెరికి తువ్వాలతో తుడిచాడు. గరిటె కాడతో మూత లేపితే చప్పుడు రాలేదు. గ్లాసుల్లో పోస్తే నురుగు రాలేదు. అడుగు మడ్డి పైకి తేలింది. నేనొక గుక్క తాగాను. పులుపు, దాని వెనక తడిసిన గోనె వాసన.

"ముదిరింది" అన్నాడు అన్న.

వదిన వచ్చి వాకిలి దగ్గరే ఆగింది.

"భోంగా గాదట. రైస్ మిల్లోళ్లు సైరన్ పెట్టిండ్రట. చిన్నయ్యనే మోగించిండట."

అన్న బయటికి చూశాడు. మబ్బు జరిగిపోయింది. గొట్టం ఒక్కటే నిలబడి ఉంది. గ్లాసులో ఉన్నదంతా ఆపకుండా తాగి, గ్లాసు బోర్లించాడు.

వదిన జొన్న రొట్టెలు కాల్చి, ఎల్లిగడ్డ కారంతో మా ముందు పెట్టి, తనూ కూర్చుంది. అన్న చొక్కా విప్పలేదు. ఒక సీసా తీసిన గుంటలోకి ఇసుక జారి, రెండోది పక్కకు ఒరిగింది. లేచి ఎవరూ నిలబెట్టలేదు. ముగ్గురం రొట్టె తుంచుకుని తిన్నాం.