నాలుగో హామీలో లేని తేదీ

ఆ ప్రెస్సులో ప్రూఫులు దిద్దే ఆవిడని అందరూ దిద్దుడక్క అనేవాళ్ళు. పెళ్ళి కార్డుల దగ్గర్నుంచి దగ్గు మందు సీసాల మీది కాగితాల దాకా ఆమె కంట పడకుండా ఏదీ మిషనెక్కేది కాదు. ఆమె చేతిలో ఎర్ర పెన్సిలు కంటే నోరు పదును.

ఆ నోటికి ఇంట్లో సరిజోడు ఆమె మరిది. సైన్యంలో లారీలు బాగుచేసే మెకానిక్కు. ఏడాదిన్నరగా సముద్రాలవతల, మన ప్రభుత్వం పిలవని పేరంటానికి వెళ్ళినట్టు దూరిన యుద్ధంలో ఉన్నాడు. నెలకో ఉత్తరం రాసేవాడు. ఎన్నిసార్లు చెప్పినా ‘యుద్ధం’ అన్న మాటకి ఒత్తు పెట్టేవాడు కాదు. "ఒత్తు తీసేస్తే అది తేలికైపోతుందనా, నాయనా?" అని ఈమె దిద్ది వెనక్కి పంపేది. "నీ దిద్దుబాట్లకి జడిసేగా వదినా, ఇంత దూరం వచ్చింది," అని అతను రాసేవాడు.

ఎన్నికలకి ఇంకో రెండు వారాలుండగా, ఒక ఉదయం ప్రతిపక్ష పార్టీ హామీల కరపత్రం ఆమె బల్ల మీదికి వచ్చింది. పార్టీ కార్యదర్శి పక్కనే కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. లక్ష కాపీలు సాయంత్రానికల్లా కావాలట.

మూడు హామీలు చకచకా దిద్దేసింది. నాలుగో దాని దగ్గర పెన్సిలు ఆగింది. ‘విదేశీ యుద్ధం నుంచి మన సైనికులను వీలైనంత త్వరలో వెనక్కి రప్పించే దిశగా తగు చర్యలను పరిశీలిస్తాం.’

"ఇక్కడేదో ఎగిరిపోయిందండీ," అంది.

కార్యదర్శి తొంగి చూశాడు. "ఏం పోలేదే. అంతా సరిగ్గానే ఉంది."

"మొన్న మైదానంలో మీ నాయకుడుగారు ‘ఆరు నెలల్లో మన పిల్లల్ని ఇంటికి తెస్తాను’ అన్నారు. మా అత్తగారు రేడియోకి చెవి ఆనించి మరీ విన్నారు. ఆ ఆరు నెలలూ ఇందులో లేవు."

"సభలో మాట వేరు, రాతలో మాట వేరమ్మా. మీరు అచ్చుతప్పులు చూడండి చాలు."

"మాట జారిపోవడం కూడా అచ్చుతప్పేనండీ. మా లెక్కలో పెద్దది."

ఆమె సంతకం పెట్టలేదు. ఆమె సంతకం లేనిదే మిషను తిరగదు. ఓనరు వచ్చి బతిమాలాడు, కసిరాడు, మళ్ళీ బతిమాలాడు. ఇరవై ఏళ్ళుగా ఆమెని ఎరిగినవాడు గనక చివరికి తన గదిలోకి వెళ్ళి తలుపేసుకున్నాడు. కార్యదర్శి ఫోనందుకున్నాడు.

మధ్యాహ్నం సాక్షాత్తూ నాయకుడే దిగాడు. ఫొటోల్లో కన్నా పొట్టిగా ఉన్నాడు. ప్రసంగాలతో గొంతు బొంగురుపోయింది. ప్రూఫు తీసుకుని నిలబడే చదివాడు.

"మీవాళ్ళెవరైనా అక్కడున్నారా అమ్మా?"

"మా మరిది ఉన్నాడండీ."

"అయితే మీది స్వార్థం అన్నమాట," అన్నాడు నవ్వుతూ.

"కాదని ఎవరన్నారండీ? మీరు మాత్రం ఓట్లు ఊరికే అడుగుతున్నారా?"

గుమ్మం దగ్గర మిషనువాళ్ళు కిసుక్కుమన్నారు. నాయకుడు మాత్రం నవ్వు ఆపాడు. ఆ వాక్యం మీద వేలు పెట్టాడు. "తేదీ రాస్తే రేపు నా పీక మీదికొస్తుంది. ఓడలు దొరకాలి, అవతలివాళ్ళు ఒప్పుకోవాలి. నేను అబద్ధమాడట్లేదు, భయపడుతున్నాను."

"భయపడేవాళ్ళకే ఇచ్చిన మాట గుర్తుంటుందండీ," అందామె, ఈసారి మెల్లగా.

ఆయన ఆమె పెన్సిలే తీసుకుని వాక్యమంతా కొట్టేసి, ‘ఆరు నెలల్లో రప్పిస్తాం’ అని రాసి, కింద సంతకం గీకాడు. మిషను తిరిగింది.

ఆయన గెలిచాడు. అత్తగారు గోడ మీది క్యాలెండరులో రోజూ ఒక గీత పెట్టడం మొదలెట్టింది. నాలుగు నెలలు గడిచేసరికి రేడియోలో మళ్ళీ ‘పరిశీలన’ అన్న మాట వినబడసాగింది. అయిదో నెలలో దిద్దుడక్క ఆ సంతకం ప్రూఫుకి నకలు తీయించి, ఒక్క ముక్కా రాయకుండా, ‘ఆరు నెలల్లో’ అన్న మాట చుట్టూ సున్నా చుట్టి ఆయన ఆఫీసుకి పోస్టు చేసింది. జవాబు రాలేదు.

ఆరు నెలలూ నిండాయి. గీతలు పెట్టే చేతికి ఆవేళ పెన్సిలు బరువైపోయి, అత్తగారు మంచమెక్కింది. ఆ తర్వాత పదకొండో రోజున మొదటి ఓడ బయల్దేరిందని వార్త వచ్చింది. ఆ నకలు చూసే కదిలారో, కదలాల్సిన వేళే వచ్చిందో ఎవరికీ తెలీదు. ఓనరు మాత్రం యుద్ధాన్ని ఆపింది తన ప్రెస్సేనని ఊరంతా చెప్పుకు తిరిగాడు.

మరిది మూడో ఓడలో వచ్చాడు. రేవులో కంచె అవతల సగం చిక్కిపోయి, చెవులు మాత్రమే మిగిలినట్టున్నాడు. అతన్ని ఆటపట్టించడానికి దిద్దుడక్క దారి పొడుగునా నాలుగు మాటలు కూర్చుకుని వచ్చింది. తీరా అతను ఎదురుగా నిలబడేసరికి ఒక్కటీ పైకి రాలేదు.

"ఏం వదినా, నోరెక్కడ పారేసుకున్నావ్?"

ఆమె కొంగు మొహానికి అడ్డం పెట్టుకుంది.

మంచం దిగి వచ్చిన అత్తగారు కొడుకు చెంపలు రెండూ తడిమి చూసుకుని, "దాని నోటికేం, రేప్పొద్దున లేస్తుంది. ముందు ఇంటికి పదండి," అని ఇద్దరి రెక్కలూ పట్టుకుని నడిచింది.