పదో నంబరు సంచి

అత్తయ్యకు తుంటి ఆపరేషన్ అయి ఐదు నెలలైంది. చేతికర్ర మూలన పడి నెలన్నర. ఇక బరువులు ఎత్తవచ్చని డాక్టరు కాగితం రాసిచ్చాడు. జిమ్‌లో కోచ్ ఒప్పుకోవడమే మిగిలింది. ఆ అమ్మాయి డాక్టరుకన్నా గట్టిది.

"పది కిలోల సంచి ముక్కాలిపీట మీంచి పదిసార్లు ఎత్తి, చప్పుడు కాకుండా దించాలి కెప్టెన్. రెండు నెలలు సాధన చేయండి, ఆ తర్వాతి ఆదివారం ఇంటికొచ్చి చూస్తాను. చేశారా, సోమవారం నుంచి పొద్దుటి బ్యాచ్. లేదంటే కుర్చీ బ్యాచ్."

కుర్చీ బ్యాచ్ అంటే కూర్చుని చేతులూపేవాళ్ళది. అత్తయ్య అరవయ్యో ఏట బరువులు మొదలుపెట్టింది. తొమ్మిదేళ్ళు పొద్దుటి బ్యాచ్‌లో అందరికన్నా పెద్దది, అందుకే కెప్టెన్.

"కుర్చీలో కూర్చోడానికి అంత దూరం పోవాలా? ఇంట్లో కుర్చీలకేం కరువు?" అంది నాతో. నవ్వుతూనే అంది కానీ, ఆ పూట అన్నం సగమే తింది.

నలభై ఏళ్ళు దర్జీ పని చేసిన మనిషి. పాత జీన్స్ గుడ్డతో మూడు సంచులు కుట్టి, ఇసుక నింపి, మూతి కుట్టేసి, ఎర్రదారంతో 2, 5, 10 అని అంకెలు వేసుకుంది. మొదట రెండు, తరువాత ఐదు, నెల తిరిగేసరికి పది. కోచ్ ఫోనులో చెప్పినట్టే, నడుం వంగకుండా.

భయమల్లా మామయ్యది. ఆపరేషన్ రోజు థియేటర్ బయట నాలుగు గంటలు నిలబడే ఉన్నాడు, ఎంత చెప్పినా కూర్చోలేదు. ఇప్పుడు అత్తయ్య సంచి పట్టుకుంటే చాలు, ఊపిరి బిగబట్టేవాడు.

"ఈ పూటకి చాల్లేవే."

"ముందు మీరు ఊపిరి తీసుకోండి. నాకేమో గానీ, మీకు అయ్యేట్టుంది ఆపరేషన్."

ఆ ఆదివారానికి ఇంకా రెండు రోజులుందనగా బాల్కనీలో మొక్కలకు నీళ్ళు పోస్తుంటే అవి అంచు మీంచి పొర్లిపోయాయి. కుండీల్లో మట్టి అంచుకు రెండు వేళ్ళు కిందుండాలి, అది నా పద్ధతి. చూస్తే ప్రతి కుండీలోనూ అంచుదాకా ఇసుక.

"మామయ్యా, ఇదేమిటి?"

"మొక్కలకి మంచిదమ్మా. ఎక్కడో చదివాను."

ఆయన జన్మలో మొక్కల గురించి చదివి ఎరగడు. పైగా, మనుషులం ఎక్కి చూసుకునే బరువు మిషన్ మీద కూడా ఇసుక రేణువులు కనబడ్డాయి. పదో నంబరు సంచి తెచ్చి దానిమీద పెట్టాను. ఆరు కిలోల తొమ్మిది వందల గ్రాములు.

మామయ్యను వంటింట్లోకి పిలిచి అడిగాను. ఆయన తలుపు వైపు చూసి గొంతు తగ్గించాడు.

"ఆవిడ స్నానానికి వెళ్ళినప్పుడల్లా ఒక గ్లాసుడు. ఎంతమ్మా, గ్లాసుడు! మళ్ళీ ఏమన్నా అయితే ఆ థియేటర్ తలుపు ముందు ఇంకో నాలుగు గంటలు నిలబడే ఓపిక నాకు లేదు."

కోపం తెచ్చుకుందామనుకున్నాను, రాలేదు. తీసిందంతా మళ్ళీ నింపుదామా అంటే, ఒక్కసారిగా మూడు కిలోలు పెరిగితే కొత్త తుంటికి ఏమవుతుందో! "మీరే చెప్పండి అత్తయ్యకి" అన్నాను. రేపు చెబుతానన్నాడు. ఆ రేపు వచ్చింది, పోయింది.

ఆదివారం కోచ్ కొక్కెం కాటా పట్టుకుని దిగింది.

"కాటా ఎందుకమ్మా? అంకె కుట్టే ఉందిగా!" అన్నాడు మామయ్య.

"ఎవరి సంచైనా తూచాకే బాబాయ్ గారూ. అదేంటి, ఎత్తేది కెప్టెన్ అయితే చెమట మీకు పడుతోంది?"

సంచి కొక్కేనికి తగిలించింది. అంకె చూసి ఆమె నవ్వు ఆగిపోయింది. "కెప్టెన్, ఇది ఏడు కూడా లేదు."

నేను నేల వైపు చూశాను. అత్తయ్య కాటా వైపు చూడనేలేదు. మామయ్య వైపు తిరిగింది.

"ఇప్పుడన్నా చెబుతారా?"

"నేనే తీశాను," అన్నాడాయన. ఆవిడ వైపు చూసి, "నీకు తెలుసా?" అన్నాడు.

"మూడు వారాలై చూస్తున్నాను, ఎప్పుడు నోరు విప్పుతారా అని. నా కుట్టు గుడ్డలో కలిసిపోతుంది. మీది జానెడుకొకటి, గోనెసంచి కుట్టినట్టు! దర్జీతో ఇన్నేళ్ళు కాపురం చేసి దారం ముడెయ్యడం కూడా రాకపోతే ఎలాగండీ?"

కుట్టు మిషన్ కింద నుంచి ఒక పెద్ద చేతిసంచి లాగింది. అందులో రెండో నంబరు సంచి, రేకు డబ్బా నిండా గుండీలు. ఆయన తీసినప్పుడల్లా తూచుకుని, తగ్గినంతా వీటితో కలుపుకుని, ఆయన చూడనప్పుడు మొత్తం పదీ ఎత్తుతూ వచ్చిందట. బరువు మిషన్ మీది ఇసుక ఆవిడదన్నమాట! పదో నంబరు సంచి కూడా అందులోనే కూరి ఇచ్చింది. కోచ్ మళ్ళీ తగిలించింది. పది కిలోల వంద.

అత్తయ్య పాదాలు ఎడం చేసి, తుంటి వెనక్కి తోసి, సంచి పట్టుకుని నిలబడింది. దించింది. డబ్బాలో గుండీలు గలగలమన్నాయి.

"చప్పుడైంది. ఇది లెక్కలోకి రాదు," అంది కోచ్.

"రాకూడదు. మొదటినుంచి లెక్కపెట్టు."

ఒకటి. రెండు. నాలుగోసారికి మామయ్య కూడా పైకే లెక్కపెడుతున్నాడు. ఏడు దగ్గర అత్తయ్య ఆగి, రెండుసార్లు నిండుగా ఊపిరి తీసుకుంది. ఆయన కూడా తీసుకున్నాడు. ఎనిమిది. తొమ్మిది. పదోసారి సంచి పీట మీదికి పిల్లి దిగినట్టు దిగింది. ఒక్క గుండీ కదల్లేదు.

"రేపు ఆరున్నరకి," అంది కోచ్, కాటా సంచిలో పెట్టుకుంటూ. "ఆలస్యమైతే కెప్టెన్ అని కూడా చూడను."

అత్తయ్య ముఖమంతా ఎర్రబడి వెలిగిపోతోంది. కుర్చీ లాగి అందులో మామయ్యను కూర్చోబెట్టింది.

"మీరు కూర్చోండి కాసేపు. తర్వాత లేచి, కుండీల్లో ఇసుకంతా నా సంచిలోకి తేవాలి. మూతి మాత్రం కుట్టకండి, మీ పుణ్యముంటుంది."

సాయంత్రం ఆయన గ్లాసు పట్టుకుని బాల్కనీలో కూర్చున్నాడు. ఒక్కో కుండీ అయ్యాక నేను వేళ్ళు పెట్టి చూశాను. సరిగ్గా రెండు వేళ్ళు.