గుడ్డ కట్టిన పిలకలు

ఇసుక పాకే చప్పుడు.

చేటలో పొట్టు చెరుగుతున్నట్టు... సన్నగా, ఆగకుండా. ఎడారి అంచున మరాది ప్రాంతపు పల్లెలకు ఆ చప్పుడుతోనే తెల్లవారుతుంది.

బలారబ గుడిసె ముందు నిలబడి వింది. చేతిలో సొరబుర్ర. బుర్రలో సజ్జ విత్తనం. ఇంట్లో మిగిలిన విత్తనమంతా అదే.

తొలి వాన కురిసి వెలిసింది. నేల తడిసింది. విత్తాలి — ఇవాళే విత్తాలి.

ఊరందరి చేలూ నున్నగా ఉన్నాయి. వానకు ముందే చేలలోని పాత చెట్ల మోళ్ల మీది పిలకలన్నీ నరికి, కాల్చి, బూడిద కూడా ఊడ్చేశారు. గుండు కొట్టించిన తలల్లా మెరుస్తున్నాయి. చేను అంత శుభ్రంగా ఉంటేనే అది కష్టజీవుల ఇల్లని లెక్క.

బలారబ ఒక్కతే నరకలేదు.

ప్రతి మోడు మీదా బలమైన పిలక ఒకటి ఉంచింది. పక్కవి కోసేసింది. ఉంచినదానికి తన పాత కట్టుగుడ్డ పేలిక కట్టింది — ఇది నాది, ముట్టకండి అని.

నిరుడు చూసింది మరి. మరచిపోయి వదిలేసిన ఒక్క పిలక చాటున, గాలి చేనంతా మింగేసిన చోట, గుప్పెడు సజ్జ మొలకలు నిలిచాయి. తల్లికోడి రెక్క కింద పిల్లల్లా.

"ఊడ్చని వాకిలి, నరకని చేను! నా కొడుకు వలస నుంచి వచ్చి చూశాడంటే ఊళ్లో తలెత్తుకోగలడా?" అంది అత్త.

పక్క చేలో బలారబ మేనత్త కొడుకు లవాలి. బావకు మరదల్ని ఆటపట్టించే హక్కు అక్కడ పుట్టుకతోనే వస్తుంది.

"మరదలా! చేనుకి క్షవరం చేయించలేదేం? పేలు పడతాయి!"

"నీ గుండుకి నీడ లేదని నీ ఏడుపు బావా."

"మొలక పోతే ఆ పుల్లలన్నీ నా పొయ్యిలోకే. సరేనా?"

"సరే. పోకపోతే నోరు మూసుకుంటావా?"

"అదొక్కటీ అడక్కు."

నవ్వింది. నవ్వుతూనే బుర్రను గట్టిగా పట్టుకుంది.

గుంట. చిటికెడు విత్తనం. పాదంతో మన్ను.

గుంట... చిటికెడు... పాదం...

బుర్ర ఖాళీ అయింది.

మొలకలు వచ్చాయి. వాటి వెనకే గాలీ వచ్చింది.

తూర్పు ఎర్రబడింది. పగలే చీకటి. ఇసుక పాకలేదు, పరుగెత్తింది. బలారబ గోడకు చెంప ఆనించి కూర్చుంది. ఒళ్లో ఖాళీ బుర్ర.

గాలి ఆగింది.

నున్నటి చేలు ఇంకా నున్నగా ఉన్నాయి. మొలకన్నది లేదు. ఇసుక... ఇసుక...

ఆమె చేలో ప్రతి పిలకా తన మొదట్లో ఇసుకను ఆపింది. ఎగిరే ఆకునూ ఆపింది. ఆ చాటున — పచ్చదనం. వంగి, దుమ్ము కొట్టుకుని, కొన్నిచోట్ల చచ్చి... అయినా పచ్చదనం.

ఆకుల కింద వేలు పెట్టింది. మన్ను చల్లగా ఉంది. చెదలు తొలిచిన సన్నటి బొక్కల్లో తొలి వాన తడి ఇంకా దాక్కుని ఉంది.

శుభ్రం, శుభ్రం అంటూ ఇన్నాళ్లూ ఈ నేల ఒంటి మీది గుడ్డ లాగేసింది తామే.

లవాలి వస్తున్నాడు. భుజాన గొడ్డలి. ఆమె లేచింది — పిలకకు అడ్డంగా.

అతను ఆమె చేను దాటిపోయాడు.

తన ఇసుకలో గొంతుక్కూర్చున్నాడు. నరికిన మోడు పక్కన మళ్లీ పిలకలు. వంకరవి కోశాడు. నిటారుగా ఉన్నదాన్ని వదిలాడు. తలగుడ్డ అంచు చింపి — తలగుడ్డే! — దానికి కట్టాడు.

"అలా చూడకు మరదలా. చొక్కా ఆరేసుకోవడానికి."

"అది అంత ఎదిగేసరికి నీకు పళ్లుండవు బావా."

"లేకపోతే ఏం? నీ సజ్జ అంబలి తాగుతా."

పొయ్యిలోకి పుల్లలు ఏరడానికి అత్త ఆ రోజు ఆ పిలకలన్నీ దాటుకుని చాలా దూరం వెళ్లింది.

ఇంకో వాన పడాలి. పడుతుందో... లేదో...

తూర్పు మళ్లీ ఎర్రబడుతోంది. రెండు చేలలో గుడ్డ పేలికలు రెపరెపలాడాయి.

ఇసుక పాకే చప్పుడు.

పిలక మొదట్లో — ఒక్క క్షణం — ఆగిన చప్పుడు.