వెన్నా, మీగడా

తలుపు చట్రానికి రంగు అంటకుండా చుట్టూ జిగురు కాగితం అతికించి, బొటనవేలితో అంచు నొక్కుకుంటూ వచ్చేసరికి యోర్దాంకాకు కుడి భుజం లాగడం మొదలైంది. ముప్పై ఆరేళ్లుగా ఆ భుజంతోనే ఊళ్లోవాళ్ల గోడలకు రంగులు వేస్తోంది. పందొమ్మిదో ఏట ప్రభుత్వ నిర్మాణ దళంలో చేరినప్పుడు మగవాళ్లు పెద్ద గోడలు తాము తీసుకుని, నీటి గొట్టాల వెనక సందులు ఆమెకు వదిలేవారు. ఇప్పటి మేస్త్రీ దిమో ఆమెకంటే పదిహేనేళ్లు చిన్నవాడు. అతనూ అంతే. ఆమె ఏనాడూ ఎదురు చెప్పలేదు. తన వంటింటికి కూడా అతను ఇచ్చిన అడుగూబొడుగూ రంగులే వేసుకుంది. నాలుగు గోడలకు నాలుగు ఇళ్లవాళ్ల ఇష్టాలు.

రూసె పట్టణంలో, దాన్యూబ్ నది వైపు తిరిగిన, ఆమె ఇప్పుడు రంగు వేయాల్సిన అయిదో అంతస్తు ఇల్లు నెవ్యానా అవ్వది. ట్రాలీబస్సు నడిపి రిటైరైన మనిషి. కళ్లకు శుక్లాలు వచ్చాయి. నిన్న నమూనా సీసాలన్నీ ముఖం దగ్గరగా పెట్టుకుని చూసి, గంట సేపటికి వెన్న రంగు కావాలంది.

ఈ పొద్దున దిమో పంపిన డబ్బా మూత తీయగానే యోర్దాంకాకు అనుమానం వచ్చింది. తడి రంగును నమ్మకూడదు. నిన్నటి సీసాలోది అరచేయంత, డబ్బాలోది అరచేయంత, కిటికీ పక్క గోడ మీద పక్కపక్కనే పూసింది. తడిగా ఉన్నంతసేపు అక్కాచెల్లెళ్లలా ఉన్నాయి. ఆరాక, మధ్యాహ్నపు ఎండలో ఒకదానిలో పసుపు వెచ్చగా నిలబడింది, రెండోది పాలిపోయింది. మీగడ.

దిమో వచ్చి గోడకేసి చూసి నవ్వాడు.

"రెండూ ఒకటే అక్కా. మీగడలోంచి కాదూ వెన్న వచ్చేది?"

"ఇది పళ్ల డాక్టరు ఇంట్లో మిగిలింది కదా."

"మిగిలింది నదిలో పొయ్యమంటావా? అవ్వకి కనిపించి చస్తేగా."

మంచం మీద కూర్చున్న అవ్వ విననే విన్నది.

"నాకు కనిపించదు నాయనా, నిజమే. చిన్నప్పుడు మా నాన్న వేయించిన రంగు. ఈ ఇల్లిచ్చినప్పుడు ప్రభుత్వం వేసిన రంగు. ఆ తర్వాత మా ఆయన చెప్పిన రంగు. నేనంటూ అడిగింది ఇదొక్కటే. కనబడినా కనబడకపోయినా అడిగింది అడిగిందే."

"సరేలే అవ్వా, ఇదే వెన్న అనుకో," అని దిమో యోర్దాంకా వైపు తిరిగాడు. "కానియ్యి, సాయంత్రానికి అయిపోవాలి."

"నాకు కనిపిస్తోంది, దిమో."

"అయితే కళ్లు మూసుకుని వెయ్యి."

"ముప్పై ఆరేళ్లూ అదే చేశాను."

అన్నాక తన గొంతు తనకే కొత్తగా వినిపించింది. తల మీది పేపరు టోపీ తీసి డబ్బా అంచు మీద పెట్టింది. కుంచె కడిగి, గుడ్డలో చుట్టి, సంచిలో పెట్టుకుంది.

"ఇప్పుడెళితే మళ్లీ పిలవను అక్కా. తమాషా కాదు."

"పిలవకు." ఆమె అవ్వ దగ్గరికి వెళ్లి వంగింది. "శనివారం వస్తానవ్వా. నా అంతట నేను. వెన్న డబ్బా నేనే తెస్తా. పెద్ద గోడతో మొదలుపెడతా."

"రా అమ్మాయ్," అంది అవ్వ. తర్వాత దిమో ఉన్న వైపు ముఖం తిప్పి, "నువ్వు ఆ డబ్బాకి మూత పెట్టు నాయనా," అంది.

లిఫ్టు పనిచేస్తున్నా యోర్దాంకా మెట్ల మీదనే దిగింది. మూడో అంతస్తు దగ్గర గోడకు చేయి ఆనించి నిలబడింది. ఆ గోడ రంగు ఎంత వికారంగా ఉందో చూసి, పైకే నవ్వి, మళ్లీ దిగసాగింది.

పైన, తెరిచిన మీగడ డబ్బా అంచు మీద, ఆమె పొద్దున పాత పేపరుతో మడిచి పెట్టుకున్న టోపీ ఉంది. దాని ఒక కొస రంగులో మునిగి, అక్షరాలు ఒక్కొక్క వరుసే తెల్లబడుతున్నాయి.